కాలి రక్తనాళాల మీద పరిశోధన చేయాలంటే: కర్నూలు వార్డు నుంచి ల్యాబ్ ఫ్రీజర్ దాకా

ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడి వార్డులో చేరాడు. కేస్ షీట్‌లో అన్నీ రాసి ఉన్నాయి. షుగర్, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పుండు పొడవు వెడల్పు, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు. పాదం మీద నాడి దొరుకుతోందా లేదా అన్న గడి మాత్రం ఖాళీ. "నడిస్తే ఏమవుతుంది పెద్దాయనా?" అని అడిగాను. "రోంత దూరం పోతే పిక్కలు పట్టేస్తాయి సార్. నిలబడితే పోతాది. ముసలోణ్ని కదా, అంతేలే అనుకుంటి" అన్నాడు.

ఆ ఖాళీ గడిలోంచే ఆ ఏడాది మా పీజీ ఒకరి థీసిస్ పుట్టింది. కర్నూలు, అనంతపురం, కడప ఆస్పత్రుల్లో పనిచేస్తూ రక్తనాళాల జబ్బుల మీద ఏదైనా స్టడీ చేద్దామనుకునే పీజీలకు, కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లకు, ల్యాబ్‌లో నమూనాలు చూసే టెక్నీషియన్లకు పనికొస్తుందని ఈ వరుస రాస్తున్నాను. ఉదాహరణకు షుగర్ పేషెంట్ల కాళ్లలో రక్త ప్రసరణనే తీసుకుంటాను. అందులో క్లినికల్ పని ఉంది, సన్నటి గొట్టం పంపి రక్తనాళాల పూడిక తీసే క్యాథ్ ల్యాబ్ ఉంది, ల్యాబ్ బెంచీ కూడా ఉంది.

1. ముందు రిజిస్టర్ తిరగేయండి

టాపిక్ కోసం వచ్చే పీజీల ఫోన్లలో సాధారణంగా ఏదో విదేశీ జర్నల్లో చూసిన కొత్త ప్రొటీన్ పేరు ఉంటుంది. నేను అడిగేది ఒకటే: మన దగ్గరికి అలాంటి పేషెంట్లు నెలకు ఎంతమంది వస్తారు? అడ్మిషన్ రిజిస్టర్ తీసుకుని పోయిన ఆరు నెలల పేజీలు కూర్చుని లెక్కపెట్టండి. నెలకు 15 మంది అనుకుంటే ఏడాదిన్నరకు 270. ఒప్పుకోనివాళ్లు, కాలు అప్పటికే తీసేసినవాళ్లు, రెండో రోజే చెప్పకుండా ఇంటికి పోయినవాళ్లు పోను 200 మిగిలితే గొప్ప. మీ ప్రశ్న ఆ 200 మందిలో ఇమడాలి.

ఇమిడే ప్రశ్నలు చాలానే ఉన్నాయి. షుగర్ పుండుతో చేరినవాళ్లలో ఎంతమందికి కాలి ధమనులు పూడుకుపోయి ఉన్నాయి? యాంజియోప్లాస్టీ (పూడిన ధమనిని లోపలి నుంచి వెడల్పు చేయడం) అయినవాళ్లలో ఆరు నెలలకు పుండు మానిందెంతమందికి? వేలితో నాడి పట్టి చూసినదానికీ డాప్లర్ (రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) చెప్పినదానికీ ఎంత పొంతన ఉంది? మూడోది వినడానికి చప్పగా ఉంటుంది కానీ, డాప్లర్ లేని పీహెచ్‌సీ డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

బీడీలు తాగే యువకుల్లో కాలి వేళ్లు కుళ్లే బర్జర్ వ్యాధిని కూడా మరిచిపోవద్దు. లియో బర్జర్ దాన్ని 1908లో న్యూయార్క్‌లో వివరించాడు. అక్కడ ఇప్పుడది అరుదు. మన ఓపీలో నలభై దాటని బీడీ మనిషి నల్లబడిన వేలితో వస్తే మొదట గుర్తు రావాల్సింది ఈ జబ్బే.

కొత్త స్టెంటో కొత్త బెలూనో పరీక్షిస్తానంటే అది వేరే దారి. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, నష్టపరిహారం ఏర్పాటు కావాలి, స్పాన్సర్ కావాలి. మూడేళ్ల పీజీ కాలంలో ఒక్కరు మోయగలిగే బరువు కాదది. రొటీన్‌గా జరిగే చికిత్సను గమనించి రాసుకోండి, చాలు. గమనించి రాస్తే విలువ తక్కువేమో అన్న బెంగ వద్దు. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే డాక్టర్, కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల ఆవిడ తొడ ధమనిని గొట్టాలతో వెడల్పు చేశాడు. మొదటి యాంజియోప్లాస్టీ అదే, అదీ గుండెకు కాదు, కాలికి. ఆ ఒక్క పాదం ఎలా మానిందో ఓపిగ్గా చూసి రాయబట్టే మిగతా కథ నడిచింది. గుండెకు బెలూన్ వేయడానికి జూరిక్‌లో డాక్టర్ గ్రుంట్‌జిగ్ దాకా, 1977 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి ఆ కాగితాన్ని స్టెత్‌తో పాటు జేబులో పెట్టుకోండి. ఎవరిలో, ఏం కొలుస్తారు, దేనితో పోలుస్తారు, ఎప్పటికి? వాక్యంలో రెండుసార్లు "మరియు" వస్తే మీ దగ్గర రెండు స్టడీలు ఉన్నట్టు. ఒకటి మీ జూనియర్‌కి ఇచ్చేయండి.

2. ఎంతమంది కావాలి?

"సార్, 50 చాలా, 100 చేయాలా?" అని బేరమాడినట్టు అడుగుతారు. సంఖ్యకు లెక్క ఉంది. ఒక జబ్బు ఎంత శాతం మందిలో ఉందో తేల్చే స్టడీ అయితే, ముందటి స్టడీల్లో ఎంత శాతం వచ్చిందో తీసుకోండి. దాన్ని, వంద లోంచి అది తీసేస్తే మిగిలేదాన్ని గుణించి, 3.84తో మళ్లీ గుణించి, మీరు ఒప్పుకునే తేడా వర్గంతో భాగించాలి. ఉదాహరణకు 20 శాతం, తేడా అటూ ఇటూ 5 శాతం అనుకుందాం. 3.84 × 20 × 80 భాగించు 25, దాదాపు 246 వస్తుంది. తేడా 7 శాతం దాకా పరవాలేదంటే 126 చాలు. మధ్యలో జారిపోయేవాళ్ల కోసం పదో వంతు కలుపుకోండి.

ఈ లెక్కను వెనక నుంచి చేసేవాళ్లున్నారు. దొరికేది 60 మంది కాబట్టి 60 వచ్చేలా శాతాన్ని సర్దుతారు. వైవాలో ఎగ్జామినర్ ముందుగా గోకేది అక్కడే.

3. ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం

మన ప్రాంతపు మెడికల్ కాలేజీలన్నీ విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ కిందే ఉన్నాయి. ప్రోటోకాల్ (స్టడీ ఎలా చేస్తారో రాసిన పత్రం) అక్కడికి వెళ్లేలోపు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉంటారు. అందులో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరు, చట్టం తెలిసినవారు ఒకరు. అధ్యక్షుడు బయటి సంస్థ మనిషి. మీ ప్రోటోకాల్ ఆ సామాన్యుడికి అర్థమైతే గట్టెక్కినట్టే. పాత కేస్ షీట్లు తిరగేసే స్టడీకి కూడా కమిటీ ముందుకు పోవాల్సిందే. సమ్మతి అక్కర్లేదని నిర్ణయించేది వాళ్లు, మనం కాదు. చికిత్సను పోల్చే ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్టర్) మొదటి పేషెంటును చేర్చుకోకముందే నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి, పేషెంట్లను చేర్చుకున్నాక చేసే నమోదును వాళ్లు తీసుకోవడం లేదు. గమనించే స్టడీ అయినా నమోదు చేయించుకోండి, పేపర్ పంపే రోజు పని తేలికవుతుంది.

సమ్మతి పత్రం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇంగ్లీషు పత్రాన్ని కంప్యూటర్ సెంటర్లో ఇచ్చి తెలుగు చేయిస్తే "పరిధీయ ధమనీ వ్యాధి" అని వస్తుంది. ఆత్మకూరు నుంచి వచ్చిన అవ్వకు అది మంత్రం చదివినట్టుంటుంది. అలాగని "నరం మూసుకుపోయింది" అని రాస్తే ఇంకో చిక్కు. మన జనానికి నరం అంటే అన్నీ నరాలే. రక్తం పోయేదీ నరమే, స్పర్శ తెలిసేదీ నరమే, సెలైన్ ఎక్కించేదీ నరమే. షుగర్ పేషెంటుకు స్పర్శ పోయిన జబ్బు కూడా ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. చాలా పాట్లు పడ్డాక మేం స్థిరపడ్డ వాక్యం ఇది: "గుండె నుంచి కాలికి మంచి రక్తం తెచ్చే గొట్టంలో పాచి పట్టి సందు సన్నబడిందేమో చూస్తాం." బోరు పైపు పూడుకుపోవడం రాయలసీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. "గడ్డ" అన్న మాటా అంతే. రక్తం గడ్డ అని మనం అంటే వాళ్లకు క్యాన్సర్ గడ్డ వినపడుతుంది. "రక్తం పేరుకుపోయింది" అనండి.

పత్రాన్ని ముందు వార్డు ఆయమ్మకో, పేషెంటు పక్కనున్న అటెండర్‌కో చదివి వినిపించి, తిరిగి చెప్పమనండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ మార్చండి. చదువు రానివాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు స్టడీతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. మీ కో-పీజీ సాక్షి కాదు. ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదన్న మాట కాగితం మీద ఉంటే చాలదు, మీరు నోటితో చెప్పాలి. గవర్నమెంటు ఆస్పత్రిలో తెల్లకోటు వేసుకున్న మనిషి అడిగితే కాదనే ధైర్యం చాలామందికి ఉండదు.

4. చీలమండ బీపీ కొలవడం

స్టడీ మొత్తం నిలబడేది ఈ కొలత మీదే. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని ఏబీఐ అంటాం. ఖర్చు లేని పరీక్ష. చేతిలో పట్టే డాప్లర్, బీపీ కఫ్, జెల్లీ ఉంటే చాలు. ఖర్చు లేదు కాబట్టి అందరూ చులకనగా చేస్తారు. నేను కూడా చేశాను. నా మొదటి స్టడీలో నలభై మందికి కొలిచాక తెలిసింది, సన్నటి కాళ్లకూ లావు కాళ్లకూ ఒకే కఫ్ వాడేశానని. ఆ నలభై మందిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. మూడు నెలలు పోయాయి.

పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు కదలకుండా ఉంచండి. ఓపీ నుంచి మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే కొలిస్తే చీలమండ అంకె తప్పొస్తుంది. అంతకుముందు బీడీ, సిగరెట్ తాగాడేమో అడగండి. గది మరీ చల్లగా ఉండకూడదు. కర్నూలు మే నెలలో ఏసీ గది దొరికిందని సంబరపడి దాన్ని 18లో పెడితే కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. కఫ్ వెడల్పు కాలి చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి. పుండు ఉంటే శుభ్రమైన ప్లాస్టిక్ పొర చుట్టి దాని మీద కఫ్ కట్టండి. కాలిలో రక్తం పేరుకుపోయిన అనుమానం ఉన్నా, బైపాస్ గ్రాఫ్ట్ ఉన్నా ఆ చోట కఫ్ బిగించవద్దు.

8 మెగాహెర్ట్జ్ ప్రోబ్ తీసుకుని పాదం పైభాగంలో, తర్వాత లోపలి చీలమండ వెనక శబ్దం వెతకండి. ప్రోబ్‌ను నిలువుగా గుచ్చినట్టు పెట్టకుండా 45 నుంచి 60 డిగ్రీల వాలులో పట్టుకోండి. గట్టిగా అదిమితే సన్నటి ధమని నొక్కుకుపోయి శబ్దమే పోతుంది. శబ్దం దొరికాక కఫ్ నింపండి. శబ్దం ఆగిన చోటు నుంచి ఇంకో 20 పెంచి, సెకనుకు రెండు చొప్పున దించండి. శబ్దం మళ్లీ వినిపించిన అంకెను ఉన్నది ఉన్నట్టు రాయండి. 102 అయితే 102. చివర సున్నా కోసం 100 అని రాయాలనిపిస్తుంది, చేతిని ఆపుకోండి. రెండు చేతులకూ డాప్లర్‌తోనే చూడాలి, స్టెత్‌తో కాదు.

ఒక పేషెంటు అంకెలు చూద్దాం. కుడి చేయి 138, ఎడమ చేయి 146. కుడి కాలు పాదం పైన 96, చీలమండ వెనక 102. ఎడమ కాలు 120, 128. లెక్క ఏంటంటే, ప్రతి కాలిలో పెద్ద అంకెను రెండు చేతుల్లోకీ పెద్ద అంకెతో భాగించాలి. కుడి కాలికి 102 భాగించు 146, అంటే 0.70. ఎడమ కాలికి 128 భాగించు 146, అంటే 0.88. రెండూ 0.90 లోపే కాబట్టి రెండు కాళ్లలోనూ జబ్బు ఉన్నట్టే. ఇప్పుడు ఇదే మనిషికి కుడి చేయి ఒక్కటే చూసి వదిలేశారనుకోండి. ఎడమ కాలు 128 భాగించు 138, అంటే 0.93 అవుతుంది. 0.91 నుంచి 0.99 మధ్య బోర్డర్‌లైన్ కాబట్టి ఆ కాలు జబ్బు లేని కాళ్ల లెక్కలోకి పోతుంది. రెండో చేతికి కఫ్ కట్టడానికి బద్ధకించినందుకు ఒక కాలు మీ టేబుల్లో ఈ వరుస నుంచి ఆ వరుసలోకి మారిపోయింది.

షుగర్ వాళ్లలో ఇంకో మోసం ఉంది. ధమని గోడలో సున్నం పేరుకుని గట్టిపడితే కఫ్ ఎంత బిగించినా అది నొక్కుకోదు. అంకె 230 వస్తుంది, నిష్పత్తి 1.58 వస్తుంది. అది చూసి "ప్రసరణ బ్రహ్మాండం" అని రాసిన కాగితాలు నేను చూశాను. 1.40 దాటితే ఆ అంకెను నమ్మకూడదు. బొటనవేలి బీపీ కొలవాలి, దాని నిష్పత్తి 0.70 లేదా అంతకంటే తక్కువైతే జబ్బు ఉన్నట్టు. వేలికి కట్టే చిన్న కఫ్ లేకపోతే డాప్లర్ తరంగం ఆకారమైనా రాసుకోండి. ఆరోగ్యమైన ధమని శబ్దం మూడు ముక్కలుగా, కొరడా ఝళిపించినట్టు వినపడుతుంది. పూడుకుపోయిన చోటు దాటాక అది ఒకే ముక్కగా, బుస్సుమని ఊదినట్టు ఉంటుంది. నాలుగు రోజులు చెవి పెడితే ఎవరికైనా పట్టుబడుతుంది.

స్టడీ మొదలుపెట్టే ముందు ఇద్దరు, ఒకరి అంకెలు ఒకరికి చూపించుకోకుండా, పాతికమంది కాళ్లు కొలిచి పోల్చుకోండి. మీ ఇద్దరికీ పొంతన కుదరకపోతే పేషెంట్లను చేర్చుకోవడం మొదలుపెట్టవద్దు. ఇంకో మాట. నిష్పత్తి 0.40 దగ్గరకు పడిపోయినా, రాత్రిళ్లు కాలు మంచం కిందకి వేలాడేస్తే గానీ నిద్ర పట్టడం లేదన్నా, అది ప్రోఫార్మాలో రాసుకుని ఊరుకునే విషయం కాదు. అదే రోజు రక్తనాళాల సర్జన్‌కో క్యాథ్ ల్యాబ్‌కో పంపండి.

5. క్యాథ్ ల్యాబ్‌లో ఏం రాసుకోవాలి

ప్రొసీజర్ నోట్స్ మీద ఆధారపడితే సగం గళ్లు ఖాళీగా ఉంటాయి. మీరే ఒక పేజీ ఫారం చేసుకుని గ్లాసు అవతల కూర్చోండి. ఏ ధమని, ఎంత పొడవు పూడిక, పూర్తిగా మూసుకుపోయిందా సన్నబడిందా, షీత్ (ధమనిలోకి దారిగా పెట్టే గొట్టం) సైజు, కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో నాళాలు కనబడేలా ఎక్కించే మందు) ఎన్ని మిల్లీలీటర్లు, ఎక్స్‌రే ఎన్ని నిమిషాలు, చివరికి ఎంత శాతం పూడిక మిగిలింది. షీత్ సైజు ఫ్రెంచ్‌లో ఉంటుంది. మూడు ఫ్రెంచ్ ఒక మిల్లీమీటర్, అంటే 6 ఫ్రెంచ్ దాదాపు రెండు మిల్లీమీటర్లు. తొడ దగ్గర వాపు, రక్తస్రావం ఉన్నాయేమో మర్నాడు పొద్దున మీ కళ్లతో చూసి రాయాలి. సిస్టర్‌ను అడిగి రాయకండి.

క్రియాటినిన్ ముందు ఒకసారి, 48 గంటలకు ఇంకోసారి చూడండి. 0.3 పెరిగిందంటే కాంట్రాస్ట్ వల్ల కిడ్నీకి దెబ్బ తగిలిందేమో చూడాలి. చిక్కేమిటంటే మన పేషెంట్లు రెండో రోజు మధ్యాహ్నానికే బస్సు ఎక్కేస్తారు. అందుకే డిశ్చార్జి ఎప్పుడన్నది ప్రొసీజర్‌కు ముందే ఇంటివాళ్లతో మాట్లాడుకోవాలి.

"కాలు తీసేశారు" అన్న మాటను కూడా ముందే నిర్వచించుకోండి. వేలు తీయడం, పాదంలో సగం తీయడం ఒక లెక్క, చీలమండ పైన తీయడం ఇంకో లెక్క. మధ్యలో నిర్వచనం మార్చితే రెండు స్టడీలు కలిపి కుట్టినట్టు ఉంటుంది.

6. రక్తం నమూనా: ట్యూబ్ నుంచి ఫ్రీజర్ దాకా

డీ-డైమర్ లాంటి గడ్డకట్టే పరీక్షలు మీ స్టడీలో ఉంటే ల్యాబ్ మనిషిని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి. థీసిస్‌లో చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పేబదులు ప్రోటోకాల్ రాసేటప్పుడు అడగడం మేలు.

ఒకే సూదితో తీసేటప్పుడు ముందు నీలం మూత, తర్వాత సీరం ట్యూబ్, తర్వాత ఊదా మూత, చివర బూడిద రంగు. వరుస తారుమారైతే ఒక ట్యూబ్‌లోని మందు ఇంకో ట్యూబ్‌లోకి పోయి ఫలితం చెడిపోతుంది. నీలం మూత ట్యూబ్‌లో 3.2 శాతం సోడియం సిట్రేట్ ఉంటుంది, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు మందు. గీత దాకా నిండకపోతే మందు ఎక్కువై గడ్డకట్టే సమయం పొడుగ్గా కనిపిస్తుంది. ముసలివాళ్ల నరాలు సన్నగా ఉండి ట్యూబ్ సగమే నిండుతుంది. "సర్దుకుపోదాంలే సార్" అంటారు. ఆ ట్యూబ్ పారేసి ఇంకోసారి తీయండి, లేకపోతే ఆ పేషెంటు గడిలో "నమూనా లేదు" అని రాయండి. నిండాక ట్యూబ్‌ను మెల్లగా నాలుగైదుసార్లు తిప్పండి. సోడా సీసా కుదిపినట్టు కుదిపితే ఎర్రకణాలు పగిలిపోతాయి.

సెంట్రిఫ్యూజ్ దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు. పద్ధతుల్లో "1500 జి, 15 నిమిషాలు" అని ఉంటుంది. జి అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలమో. మన మిషన్ మీద జి ఉండదు, నిమిషానికి ఎన్ని చుట్లో ఉంటుంది. రెంటికీ మధ్యలో రోటర్ వ్యాసార్థం ఉంది. సెంటీమీటర్లలో వ్యాసార్థాన్ని, చుట్ల వర్గాన్ని గుణించి, దాన్ని 0.00001118తో గుణిస్తే జి వస్తుంది. రోటర్ 15 సెంటీమీటర్లుంటే 1500 జి కోసం దాదాపు 3000 చుట్లు కావాలి. అదే 3000 చుట్లు 10 సెంటీమీటర్ల చిన్న మిషన్‌లో తిప్పితే వెయ్యి జి మాత్రమే వస్తుంది, ప్లేట్‌లెట్లు పైనే తేలుతుంటాయి. స్కేలు పెట్టి ఒకసారి కొలిచి, ఆ అంకెను మిషన్ మూత మీద అంటించండి. తర్వాత వచ్చే పీజీకి కూడా పుణ్యం.

ప్లాస్మాను ఒకే సీసాలో దాచవద్దు, నాలుగు చిన్న సీసాల్లోకి పంచండి. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే ప్రొటీన్లు పాడవుతాయి కాబట్టి ఒక పరీక్షకు ఒక సీసా తీస్తే మిగతావి కదలకుండా ఉంటాయి. మైనస్ 80 ఫ్రీజర్ ఉన్న ల్యాబ్‌తో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. ఒక చోట జరిగింది చెబుతాను. ఎండాకాలం, ఆదివారం, రాత్రంతా కరెంటు లేదు, జనరేటర్ లైన్ ఆ గదికి లేదు. సోమవారం పొద్దున ఫ్రీజర్ తెరిస్తే సీసాలు నీళ్లలో తేలుతున్నాయి. మార్కర్‌తో రాసిన నంబర్లు కూడా చెరిగిపోయాయి. ఆరు నెలల నమూనాలు. అప్పటినుంచి ప్రతి నమూనా రెండు ఫ్రీజర్లలో దాచడం, చలికి ఊడని లేబుల్ వాడటం, ఉష్ణోగ్రత రిజిస్టర్‌ను ఆదివారం కూడా రాయించడం నాకు అలవాటైపోయింది.

హైదరాబాద్ ల్యాబ్‌కు పంపాలంటే రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల్లో ఉంటుంది, అది నీరు కాకుండా నేరుగా గ్యాస్ అవుతుంది. కాబట్టి థర్మాకోల్ పెట్టెకు టేపు చుట్టూ బిగించి సీలు వేయకూడదు, గ్యాస్ పోయే దారి ఉండాలి. దారి లేకపోతే పెట్టె పగులుతుంది. కారు అద్దాలు మూసుకుని వెనక సీట్లో పెట్టుకుని కూర్చున్నా ప్రమాదమే.

ఎలైజా (నమూనాలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పరీక్ష) ప్లేటులో ప్రతి నమూనాను రెండు గుంతల్లో వేయండి. రెండు అంకెల మధ్య తేడా 15 శాతం దాటితే మళ్లీ చేయాలి. జబ్బున్నవాళ్లందరినీ ఒక ప్లేటులో, లేనివాళ్లందరినీ ఇంకో ప్లేటులో పెట్టారంటే, మీరు కనిపెట్టేది ప్లేట్ల తేడా కావచ్చు. కలిపి పెట్టండి. టెక్నీషియన్‌కు ఎవరు ఎవరో తెలియకుండా నంబర్లే ఇవ్వండి.

7. మళ్లీ రప్పించుకోవడం

ఆరు నెలల తర్వాత చూడాల్సిన స్టడీలు మన దగ్గర ఇక్కడే కూలిపోతాయి. ఆదోని, కోసిగి, కౌతాళం పల్లెల్లో పంట చేతికి రాకపోతే ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు మిరప కోతలకు పోతారు, సుగ్గికి పోయినారంటారు. ఇంకొందరు బెంగళూరు బిల్డింగ్ పనులకు. మీరు ఫిబ్రవరిలో ఫోన్ చేస్తే ఫోన్ కలవదు. చేర్చుకున్న రోజే మూడు నంబర్లు రాసుకోండి. పేషెంటుది, ఊళ్లో ఉండిపోయే బంధువుది, ఊరి ఆశా కార్యకర్తది. నంబరు ఎవరి పేరు మీద ఉందో కూడా రాయండి. "నా నంబరే" అని ఇచ్చింది చాలాసార్లు బెంగళూరులో ఉన్న కొడుకుది.

తేదీ చెబితే గుర్తుండదు. "ఉగాది అయిపోయిన మూడో సోమవారం" అంటే గుర్తుంటుంది. కర్నూలు, కడపల్లో రంజాన్ నెలలో పరగడుపు రక్తం లెక్క మారుతుంది, ఉపవాసం ఉన్న షుగర్ పేషెంట్ల మందుల వేళలు కూడా మారతాయి. ఆ నెలను ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని ఫాలో-అప్ తేదీలు జరపండి. బస్సు చార్జీ ఇస్తామని ప్రోటోకాల్‌లో రాసి కమిటీ దగ్గర ఒప్పించుకోండి. ఇరవై రెండు మందికి ఫోన్ చేసి బతిమాలడం కంటే అది చవక.

రానివాడి గురించి ఫోన్‌లో అడగాల్సిన మూడు ప్రశ్నలు ముందే రాసి పెట్టుకోండి. మనిషి ఉన్నాడా? కాలు ఉందా? పుండు మానిందా? మొదటి ప్రశ్న అడగడానికి గొంతు రాదు. "పెద్దాయన బాగున్నాడా అమ్మా?" అని మొదలుపెట్టండి. కొన్ని ఇళ్లలో జవాబు రాక ముందే తెలిసిపోతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) బత్తలపల్లిలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆస్పత్రి నుంచి హెచ్ఐవీ పేషెంట్ల మీద ఏళ్ల తరబడి కోహోర్ట్ స్టడీలు (ఒకే గుంపును కాలం వెంట గమనించేవి) అంతర్జాతీయ జర్నళ్లలో వచ్చాయి. పెద్ద నగరం కాదు, కరువు జిల్లా. అంతమందిని ఏళ్ల పాటు వెంటబెట్టుకోవడం ఇక్కడా సాధ్యమేనని చూపడానికి నేను పీజీలకు చెప్పే ఉదాహరణ అది.

8. డేటా, లెక్కలు

ఎక్సెల్‌లో ఒక వరుస ఒక పేషెంటు. పేరు, ఆధార్, ఫోన్ ఆ షీట్‌లో ఉండకూడదు, నంబర్ మాత్రమే. పేర్ల జాబితా వేరే, తాళం ఉన్న బీరువాలో. లేని అంకెకు 999 అని కొట్టే అలవాటు మానండి, సగటు తీసేటప్పుడు అది బీపీ అనుకుని కలిపేస్తుంది. గడి ఖాళీ వదలండి, ఎందుకు ఖాళీయో పక్క గడిలో రాయండి.

రక్తనాళాల స్టడీల్లో ఒక ప్రత్యేక గుంత ఉంది. 100 మందికి 200 కాళ్లు. 200 అని రాసుకుంటే శాంపుల్ రెట్టింపైనట్టు కనిపిస్తుంది. కానీ ఒకే మనిషి రెండు కాళ్లకూ షుగర్ ఒకటే, బీడీ ఒకటే, గుండె ఒకటే. అవి వేర్వేరు మనుషుల కాళ్లలా ఉండవు. మనిషికి ఒక కాలు, ఎక్కువ చెడిపోయిన కాలు తీసుకోండి. రెండూ కావాలంటే దానికి తగిన లెక్క స్టాటిస్టిషియన్ దగ్గర చేయించండి. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (ఏ కారణం వల్ల ఫలితం ఎంత మారుతుందో తేల్చే లెక్క) ఒక్కో కారణానికి కనీసం పది సంఘటనలు ఉండాలన్న పాత లెక్క ఇప్పటికీ మంచి కంచె. ఇరవై కాళ్లు పోయిన స్టడీలో పన్నెండు కారణాలు తోస్తే వచ్చే ఫలితం జోస్యం లాంటిది.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు వాడకండి. జమోవి, ఆర్ రెండూ ఉచితం.

9. రాయడం

గమనించే స్టడీలకు పేపర్‌లో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ అనే జాబితా ఉంది, ట్రయల్‌కు కన్సార్ట్. రాయడం మొదలుపెట్టేటప్పుడే అది పక్కన పెట్టుకోండి. ఎంతమందిని చూశారు, ఎంతమందిని వదిలేశారు, ఎందుకు అన్నది బొమ్మగా వేయండి. ఫలితం "తేడా కనబడలేదు" అని వచ్చినా రాయండి. మూడు రోజుల్లో అచ్చువేస్తాం, డబ్బు పంపండి అని మెయిల్ పెట్టే జర్నళ్లకు జవాబు ఇవ్వకండి, ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే.

పేషెంటుకు తన అంకె తెలియాలి. మా వాళ్లు ఓపీ చీటీ వెనక రెండు పాదాల బొమ్మ గీసి, కుడి కింద 0.70, ఎడమ కింద 0.88 అని రాసిస్తారు. కింద ఒక వాక్యం: "ఒకటి కంటే బాగా తక్కువ, బీడీ మానాలి, చెప్పు లేకుండా నడవద్దు." ఆదోని పెద్దాయన ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆరు నెలలకు తిరిగి వచ్చాడు. చిటికెన వేలు లేదు, మిగతా పాదం ఉంది. చీటీ ఇచ్చి, "ఈసారి ఎంతొచ్చిందో దీని పక్కనే రాయండి సార్" అన్నాడు.